కార్డులో తీద్దాం, కానీ టేపులా దాచుకుందాం

ఇంట్లో ఫంక్షన్ షూట్ చెయ్యడానికి టేపు క్యామ్‌కార్డర్ మంచిదా, మెమరీ కార్డుదా అని అడిగితే మన బ్యాచ్‌లో ఎవరైనా నవ్వుతారు. కార్డే కదా అంటారు. తీయడం వరకు నేనూ అదే అంటాను. దాచుకోవడం దగ్గరికొస్తే మాత్రం టేపు నుంచి మనం నేర్చుకోవాల్సింది ఉంది.

మినీ డీవీ టేపు 1995లో వచ్చింది. మామూలు స్పీడులో ఒక్కో క్యాసెట్ 60 నిమిషాలు, కంప్యూటర్లో దాదాపు 13 జీబీ. ఎక్కించాలంటే ఫైర్‌వైర్ కేబుల్ పెట్టి గంట టేపుని గంటసేపూ ప్లే చెయ్యాల్సిందే. కార్డయితే కాపీ, పేస్ట్. నిమిషాల్లో పని అయిపోతుంది.

కానీ డీవీలో ప్రతి ఫ్రేమూ విడిగా కంప్రెస్ అవుతుంది. టేపు ఒకచోట నలిగితే అక్కడి బొమ్మే పోతుంది, మిగతాది ఆడుతుంది. 2006లో వచ్చిన ఏవీసీహెచ్‌డీ లాంటి ఫార్మాట్లలో ఒక ఫ్రేము పక్క ఫ్రేముల మీద ఆధారపడుతుంది. పైగా కార్డులో ఫైల్ సిస్టమ్ పాడైతే అసలు ఏ ఫైలూ తెరుచుకోకపోవచ్చు.

ఇంతకంటే పెద్ద తేడా మన అలవాటులో ఉంది. టేపు నిండితే పేరు, తేదీ రాసి బీరువాలో పెట్టేవాళ్లు. కార్డు నిండితే మనం ఫార్మాట్ కొడతాం.

అలాగని బీరువాలో ఉన్న టేపు భద్రమనుకోకండి. తేమకి బూజు పడుతుంది. అన్నిటికన్నా ముందు ప్లేయర్లు మాయమవుతాయి. వీసీఆర్‌లు చివరిదాకా తయారుచేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది. ఆడించే మెషీన్ లేకపోతే క్యాసెట్ ఒట్టి ప్లాస్టిక్ డబ్బా. కార్డుని కూడా ఏళ్ల తరబడి డ్రాయర్లో పడేస్తే అందులోని చార్జ్ మెల్లగా కారిపోతుంది.

కాబట్టి నా మాట ఇది. కార్డులోనే తీయండి. ఫార్మాట్ కొట్టే ముందు రెండు కాపీలు, రెండు వేర్వేరు చోట్ల పెట్టండి. ఫోల్డరుకి ఎవరి ఫంక్షనో, ఏ తేదీనో రాయండి. ఇంట్లో పాత టేపులుంటే ఈ సెలవుల్లోనే కంప్యూటర్లోకి ఎక్కించండి.

ఫొటోలో నాయనమ్మ మొహం ఉంటుంది, గొంతు ఉండదు. ఆ గొంతు చాలా ఇళ్లలో ఒక్క క్యాసెట్‌లోనే ఉంది. రీటేక్ తీసుకుందామంటే ఆవిడ లేరు. సీఎస్ఈ చదువుతూ బ్యాకప్ గురించి పరీక్షల్లో పేజీలు రాసేస్తాం. ముందు మన ఇంటి డేటాకి ఒక బ్యాకప్ తీద్దాం.