ముందు మాకు చెప్పండి

మా ఆఫీసు మైండ్‌స్పేస్‌లో. ప్రతి ఫ్లోర్‌లోనూ ప్యాంట్రీ పక్కన ఒక పోస్టర్ ఉంటుంది. లైంగిక వేధింపులు ఎదురైతే ఎవరికి చెప్పాలి, వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు. ఏడాదికోసారి ఆన్‌లైన్ ట్రైనింగ్ పూర్తి చెయ్యకపోతే మెయిల్ మీద మెయిల్. 2013లో వచ్చిన చట్టం పుణ్యమా అని ఈ ఏర్పాటు. మంచిదే. కానీ నాకు ముప్పై ఆరేళ్లు, నోరుంది, హెచ్‌ఆర్ ఉంది. పోయిన నెల మా అమ్మాయి స్కూల్లో పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు అలాంటి పోస్టర్ ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. ఒలింపియాడ్ ర్యాంకుల ఫ్లెక్సీ ఉంది. స్విమ్మింగ్ పూల్ ఫోటో ఉంది. 1098 అన్న నాలుగంకెలు ఏ గోడ మీదా లేవు.

పోక్సో చట్టం 2012 నవంబర్ 14న, అంటే బాలల దినోత్సవం రోజున, అమల్లోకి వచ్చింది. అందులో 19వ సెక్షన్ చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. ఎవరైనా అంటే టీచరు, ఆయా, బస్ అటెండర్, ట్యూషన్ మాస్టారు. జరిగిన నేరం చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థని నడిపే మనిషి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు. చట్టంలో ఎక్కడా ‘ముందు మేనేజ్‌మెంట్‌కి చెప్పాలి’ అని లేదు. మన ప్రైవేట్ స్కూళ్లలో మాత్రం నాకు వినిపించే రూలు అదొక్కటే.

మా పిన్ని కూతురు కొండాపూర్ వైపు ఒక స్కూల్లో యూకేజీ టీచర్. రెండేళ్ల కిందట ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలయ్యాక, “అన్నయ్యా, ఒక విషయం అడగాలి” అంది. వాళ్ల క్లాసులో గలగలా మాట్లాడే పిల్ల ఒకతి మూడు వారాలుగా ఇంటి బెల్లు మోగే టైముకి బల్ల కింద దూరుతోందట. వ్యాన్ ఎక్కనని ఏడుస్తోందట. ‘వ్యాన్ అంకుల్ మంచోడు కాదు’ అని ఒక్క మాట అంది, ఆపైన ఏం అడిగినా మాట్లాడలేదు. మా చెల్లి కోఆర్డినేటర్‌కి చెప్పింది. ఆవిడ లేచి తలుపేసి, “ముందు మాకు చెప్పి మంచి పని చేశారు మేడమ్. ఇంకెవరితోనూ అనకండి, డైరీలో రాయకండి, మేం చూసుకుంటాం” అంది. నాలుగు రోజులకి డ్రైవర్‌ని వేరే రూట్‌కి మార్చారు. నెల తిరక్కుండా ఆ పిల్ల వాళ్లు టీసీ తీసుకుని వెళ్లిపోయారు.

వేరే రూట్‌లో ఎక్కేదీ పిల్లలే కదా.

ఆ రోజు నేను మా చెల్లికి ఇచ్చిన సలహా దాచుకోను. “వాళ్లు చూసుకుంటారులే, నువ్వు ఇరుక్కోకు. నీ ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో ఉన్నాయి కదా” అన్నాను. ఈ ఒరిజినల్స్ సంగతి తెలీని వాళ్ల కోసం: మన ఊళ్లలో చాలా ప్రైవేట్ స్కూళ్లు, కాలేజీలు టీచర్ల డిగ్రీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకుంటాయి. మధ్యలో మానేస్తే అవి ఎప్పుడు చేతికొస్తాయో దేవుడికే తెలియాలి. కొన్నిచోట్ల వేసవి నెలలకి జీతం కూడా ఉండదు. మంచి ఉద్దేశంతో ఫిర్యాదు చేసినవాళ్ల మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా ఉండదని 19వ సెక్షనే చెబుతుంది. ఉద్యోగం పోదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు. కాబట్టి ‘టీచర్లకి బాధ్యత లేదా’ అని సోషల్ మీడియాలో గొంతు చించుకునే ముందు, ఆ బాధ్యత నెరవేరిస్తే రేపు ఆవిడ అద్దె ఎవరు కడతారో కూడా అడగాలి.

మా పనిలో సర్వర్ నుంచి అలర్ట్ వస్తే మొదట టికెట్ తెరుస్తాం. అసలు కారణం ఏమిటో తర్వాత తవ్వుతాం. పదిసార్లలో ఆరుసార్లు ఏమీ ఉండదు, అయినా అర్ధరాత్రి లేస్తాం. చట్టం కూడా టీచర్ని అడిగేది అంతే. అనుమానం చాలు, రుజువులు పోలీసుల పని. స్కూళ్లు దీన్ని తలకిందులు చేశాయి. ముందు కారణం తేల్చాలి, అదీ తలుపులేసుకుని, తేలితే అప్పుడు చూద్దాం. ఈ ‘అంతర్గత విచారణ’లో అయిదేళ్ల పిల్లని ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు వరుసగా ప్రశ్నలడుగుతారు. పిల్ల మాట మారుస్తుంది. మార్చింది కాబట్టి అబద్ధం అంటారు. టీచర్ చెయ్యాల్సింది నిజానికి చాలా తక్కువ. పిల్ల అన్న మాటని పిల్ల మాటల్లోనే తారీఖు, టైముతో రాసి పెట్టుకోవాలి. గుచ్చి గుచ్చి అడక్కూడదు. ఫోన్ చెయ్యాలి. పిల్ల వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదని కూడా చట్టంలో ఉంది. హాకా భవన్‌లో 2016 నుంచి భరోసా సెంటర్ నడుస్తోంది. వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి.

2022 అక్టోబర్‌లో బంజారాహిల్స్ డీఏవీ స్కూలు సంగతి గుర్తుందిగా. నాలుగేళ్ల ఎల్‌కేజీ పాప, ప్రిన్సిపాల్ గారి డ్రైవరు. తల్లిదండ్రులు పోలీసుల దగ్గరికి వెళ్లడంతో బయటికొచ్చింది. డ్రైవర్‌తో పాటు ప్రిన్సిపాల్‌నీ అరెస్ట్ చేశారు. ప్రభుత్వం స్కూలు గుర్తింపు రద్దు చేస్తామంది. మా పిల్లల చదువులేం కావాలని మిగతా తల్లిదండ్రులు అడిగారు, కొద్ది రోజులకే స్కూలు మళ్లీ తెరుచుకుంది. 2023 ఏప్రిల్‌లో కోర్టు డ్రైవర్‌కి 20 ఏళ్ల జైలు వేసింది, ప్రిన్సిపాల్ నిర్దోషిగా బయటికొచ్చారు. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ రెండు వారాల హడావుడితో. బిల్డింగుకి తాళం వెయ్యాలా తియ్యాలా అని అందరం కొట్టుకున్నాం. మర్నాటి నుంచి ఇంకో స్కూల్లో ఒక టీచర్‌కి అనుమానం వస్తే ఎవరికి చెప్పే ధైర్యం ఉంటుందన్న మాట మాత్రం ఎక్కడా రాలేదు. సరిగ్గా అదే సమయంలో, 2022 నవంబర్ 2న, సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. మన ఆసిఫాబాద్‌కి ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో హాస్టల్ పిల్లలకి వైద్యం చేసిన డాక్టర్, తెలిసీ చెప్పలేదన్న కేసది. హైకోర్టు కొట్టేసిన కేసుని సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టి, తెలిసి చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, అది చాలాసార్లు నేరస్థుల్ని కాపాడే ప్రయత్నమేనని అంది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ తీర్పు ఎవరైనా పంపారా? నాకైతే రాలేదు.

స్కూళ్లు ఏమీ చెయ్యడం లేదని అనను. గుడ్ టచ్, బ్యాడ్ టచ్ వర్క్‌షాప్ పెడతాయి, ఫోటోలు ఇన్‌స్టాలో పెడతాయి. నేర్పడం తప్పు కాదు. కానీ అందులో పని అంతా పిల్లదే. పిల్ల గుర్తుపట్టాలి, పిల్ల అరవాలి, పిల్ల వచ్చి చెప్పాలి. చెప్పాక పెద్దవాళ్లేం చెయ్యాలన్న వర్క్‌షాప్ ఏది? 2020 నాటి పోక్సో రూల్స్‌లో సిబ్బందికి ట్రైనింగ్, పోలీస్ వెరిఫికేషన్ రెండూ ఉన్నాయి.

ఇక మనం. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోన్‌లో నవ్వుతూ చెబుతుంటారు, “ఇక్కడ పిల్లాడి చేతి మీద వాత కనబడితే చాలు, టీచర్ ఫోన్ కొట్టేస్తుంది” అని. అదేదో పిచ్చి దేశం అన్నట్టు మనమూ నవ్వుతాం. అక్కడి చట్టాలు పేదవాళ్ల ఇళ్ల మీద ఎక్కువగా పడతాయన్న విమర్శ ఉంది, అది నిజమే. ఇక్కడ కూడా పదిహేడేళ్ల పిల్లల ప్రేమలు పోక్సోలో ఇరుక్కోవడం, గర్భం వచ్చిన పిల్ల డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి భయపడటం మామూలైపోయాయి. ఆ వాదన పదిహేడేళ్ల వాళ్ల గురించి. బల్ల కింద దూరిన అయిదేళ్ల పిల్ల దగ్గర దాన్ని వాడుకోకండి. మనం ఏడాదికి లక్షల్లో ఫీజు కడతాం. ఏసీ బస్సు అడుగుతాం, సీసీ కెమెరా అడుగుతాం, లైవ్ ఫీడ్ యాప్ అడుగుతాం. టీచర్ సర్టిఫికెట్లు ఆవిడకి ఇచ్చెయ్యమని, నేరుగా ఫోన్ చేసిన టీచర్‌ని తీసెయ్యబోమని అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాయమని ఒక్కరం అడగం.

ఆ పోస్టర్ కోసం వెతికిన సాయంత్రమే మా చెల్లికి ఫోన్ చేశాను. ఆ డ్రైవర్ ఏమయ్యాడని అడిగాను. “ఉన్నాడన్నయ్యా. ఈ ఏడాది నర్సరీ పిల్లల వ్యాన్” అంది.

మర్నాడు ఇద్దరం పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. అక్కడ జరిగిందంతా ఇక్కడ రాయకూడదు. ఎస్సై గారు మాత్రం రాసుకుంటూ మధ్యలో తలెత్తి, “రెండేళ్లు ఎందుకు ఆగారమ్మా?” అని అడిగారు. మా చెల్లి నా వైపు చూసింది.

“నేనే ఆగమన్నానండీ” అన్నాను.