దినోత్సవమా? వాయిదా దినమా?

ఏటేట జూను 5వ తేదీ వచ్చినంతనే మన గ్రామములందు ప్రపంచ పర్యావరణ దినము జరుపబడుచున్నది. పాఠశాల ముంగిట నాలుగు మొక్కలు నాటుదురు, ఉపన్యాసము లిత్తురు, మిఠాయి పంచుకొని యెవరి యిండ్లకు వారు పోవుదురు. మరుసటి యేడు తఱచుగా ఆ గోతులలోనే మరల క్రొత్త మొక్కలు నాటవలసి వచ్చుచున్నది. ఇది చూచి, "దినదినమును భూమినే నమ్ముకొని బ్రదుకు రైతునకు వేఱుగా నొక దినమేల?" యని సభ్యులు కొంద ఱడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానము చెప్పుటకు ముందు ఈ దినములు పుట్టిన విధమును తెలిసికొనుట మంచిది.

ఇవి వేడుకకై పుట్టినవి కావు. కొఱతనుండియు, నష్టమునుండియు పుట్టినవి. అమెరికాలోని నెబ్రాస్కా ప్రాంతము చెట్లు మిక్కిలి తక్కువగానున్న మైదానము. అచట కాపురముండ వచ్చిన సేద్యగాండ్రకు వంటచెఱకు లేదు, ఇంటికి దూలము లేదు, గాలికి అడ్డు లేదు. స్టెర్లింగ్ మోర్టన్ అను పత్రికా సంపాదకుడు వ్యవసాయ మండలి యెదుట నొక ప్రతిపాదన చేయగా, 1872 ఏప్రిల్ 10వ తేదీన వృక్షదినము జరిగెను. ఆనాడు పది లక్షలకు పైగా మొక్కలు నాటిరని చెప్పుదురు.

ఆ దేశముననే 1969లో శాంటా బార్బరా తీరమున సముద్రగర్భమందలి నూనెబావి చెడి, ముడినూనె నీటిపై పఱచుకొని, వేలకొలది పక్షులు చచ్చెను. ఆ నాశనమును చూచిన గేలార్డ్ నెల్సన్ అను శాసనసభ్యుని పూనికవలన 1970 ఏప్రిల్ 22న ధరిత్రీ దినము జరిగినది. సుమారు 2 కోట్ల ప్రజలు పాల్గొనిరి. ఆ సంవత్సరము ముగియులోపలనే పర్యావరణ రక్షణకై ప్రభుత్వ సంస్థయు, గాలి శుభ్రతకై కట్టుదిట్టమైన చట్టమును వచ్చినవి. 1972 జూను 5న స్టాక్‌హోమ్ నగరమున ఐక్యరాజ్యసమితి మహాసభ ఆరంభమైనది. ఆ తేదీయే నేటి పర్యావరణ దినము.

మన దేశమున 1950లో వ్యవసాయ, ఆహార మంత్రిగానుండిన కన్నయ్యలాల్ మున్షీగారు వనమహోత్సవమును ప్రారంభించిరి. అందలి ఉద్దేశములలో నొకటి రైతు మఱవరానిది. వంటచెఱకు దొరికినచో పేడను పిడకలుగా కాల్చుట తగ్గి, అది ఎరువుగా పొలమునకు చేరును. అనగా చెట్టు నాటుట పొలము మేలునకే యని వారి భావము.

ఇక దినమేల యను ప్రశ్నకు వత్తము. మన సంఘమున అప్పునకు వాయిదా కలదు. ఆనాడు గుమాస్తా అప్పుదారుని మెడలో పూలదండ వేయడు. ఖాతా తెఱచి, అసలెంత, వడ్డీ యెంత, చెల్లిన దెంత యని చూచును. వాయిదా లేని అప్పు తీరదని మన మెఱుగుదుము. నేలకు, నీటికి, చెట్టునకు మనము పడిన అప్పునకును అట్టి వాయిదా యొకటి యుండవలయును. ఈ దినము లందులకే యేర్పడినవని నా అభిప్రాయము. ఏరువాక పున్నమనాడు ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి కాడిని పూజింతుము. కాని పిమ్మట దుక్కి దున్ననివానికి ఆ పూజవలన గింజ రాలదు గదా!

ఈ భారమంతయు రైతుపైనే మోపుట న్యాయము కాదు. యంత్రశాలల పొగకును, నగరముల మురుగునకును రైతు బాధ్యుడు కాడు. అయినను, మన గట్టు మనదే. దాని లెక్క మనమే చూచుకొనవలయును.

కావున సంఘములకు మూడు మనవులు. మొదటిది: కార్యాలయమున మొక్కల పద్దు ఉంచి, నాటినవారి పేరును, నీరు పోయువారి పేరును వ్రాసి, మరుసటి జూను 5న బ్రతికినవెన్నో, చచ్చినవెన్నో సభలో చదువవలెను. రెండవది: పొలము గట్లపై నీడ పంటను చెఱుపనిచోట కానుగ, వేప పెంచవలెను, కానుగ రొట్ట వరిమడికి మంచి ఎరువు. మూడవది: 2014 మొదలు డిసెంబరు 5వ తేదీ ప్రపంచ మృత్తికా దినముగా జరుగుచున్నది. ఏటేట ఆనాడు సభ్యుల భూసార పరీక్షాపత్రములను ముందుంచుకొని, ఎరువు ఎంత వేసితిమో, ఎంత వేయవలసినదో సరిచూచుకొనవలెను. పత్రము లేనివారు ఆ వేసవిలోనే మన్ను తీసి పరీక్షకు పంపవలెను.

రైతు సోదరులారా! సంఘమునకు బాకీపడినవాడు నోటీసు నందుకొనును. భూమి నోటీసు పంపదు. పంట తగ్గించి, బావి నెండించి, తన బాకీని తానే వసూలు చేసికొనును. అంతవఱకు రానీయక, వచ్చు జూను 5వ తేదీన మొక్కతోపాటు పద్దు పుస్తకమునుగూడ తెచ్చుకొందము గాక!