వంద కిలోల మనిషికి ఏ చక్రం?

ఒళ్లు తగ్గించుకుందామని వంద కిలోల మనిషి రోడ్ బైకు కొనబోతే, షాపులో ముందు చెప్పేది ఫ్రేము ఎంత తేలికో. అడగాల్సింది మాత్రం చక్రం ఎంత మోస్తుందో.

కోనసీమలో కొబ్బరికాయలు, ధాన్యం బస్తాలు మోసిన పాత నల్ల సైకిలుకు ముందు 32, వెనక 40 స్పోకులు ఉండేవి. బరువులో ఎక్కువ పాలు వెనక చక్రానిదే మరి. నేటి రేసు చక్రాల్లో చాలావాటికి 20, 24 స్పోకులే. మనిషి బరువైతే ఒక్కోదాని మీద భారం పెరిగి అవి తెగుతాయి, గుంతలో పడితే రిమ్ము వంకరపోతుంది.

తేలిక చక్రం లాభం ముఖ్యంగా ఘాట్ ఎక్కేటప్పుడే. ధవళేశ్వరం నుంచి అమలాపురం దాకా, వంతెనలు మినహా, ఎత్తెక్కడ?

బల్లపరుపు డెల్టాలో అర కిలో తగ్గించడానికి వేలు పోయడం దండగ. ఆ డబ్బుతో 32 స్పోకుల అల్యూమినియం చక్రాలు, 32 మిల్లీమీటర్ల టైర్లు పట్టే ఫ్రేము తీసుకోవాలి. వెనక చక్రానికి 36 స్పోకులైతే ఇంకా మేలు. వెడల్పు టైరులో గాలి కాస్త తక్కువ పెట్టినా నడుస్తుంది, కాలవగట్టు కుదుపులూ తగ్గుతాయి.

కంపెనీ చెప్పే బరువు పరిమితిలో సైకిలు, సంచీ కూడా కలిశాయేమో చదివాకే డబ్బు కట్టాలి. కొన్ని వారాలు తొక్కాక మెకానిక్ చేత స్పోకులు బిగింపించి, బెండు తీయించాలి.