‘అదంతే’ అని ఊరుకోవద్దు

కంప్యూటరు తెర మీద విండోను మూసే బొత్తం కుడి మూలనే ఎందుకుంది? అడిగితే చాలామంది ‘అదంతే’ అంటారు. కాదు, అది ఎవరో చేసిన నిర్ణయం. లినక్స్ లో దాన్ని మనం మార్చుకోవచ్చు.

1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఎక్స్ విండో వ్యవస్థ పుట్టింది. తెర మీద గీయడం దాని పని. విండోలు ఎలా మెలగాలో చెప్పే పనిని విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రాముకు వదిలేశారు. లినక్స్ కూ ఆ పద్ధతే వచ్చింది. అందుకే మౌస్ నొక్కనక్కర లేకుండా, బాణం ఏ విండో మీద ఉంటే టైపు చేసిన అక్షరాలు అందులోనే పడేలా కూడా అమర్చుకోవచ్చు.

2011లో గ్నోమ్ 3 డెస్క్‌టాప్ విండోను దించే బొత్తాన్ని మామూలు అమరికలోంచి తీసేసింది. గ్నోమ్ కొత్త పద్ధతి నచ్చనివారు గొణుక్కుంటూ కూర్చోలేదు. దాని మూల ప్రోగ్రాము అందరికీ అందుబాటులో ఉంది కనుక, కొందరు దాన్నే మార్చి సినమన్ అనే డెస్క్‌టాప్ తయారుచేశారు.

రంగులు, థీములు మార్చడం సరదాయే. అక్కడితో ఆగకండి. బడి కంప్యూటరైతే టీచరుగారిని అడిగి, ఒక్కసారికి ఒక్క అమరికే మార్చండి. పని తేలికైందా, కష్టమైందా నోటుపుస్తకంలో రాసుకోండి. అదే ప్రయోగం! పాతదే బాగుందని తేలితే దానికే తిరిగి రండి. అప్పుడది మీరు ఎంచుకున్నదవుతుంది.