గెలిచాక కూడా ఎదురుచూపేనా?

రిమాండ్ అన్న మాట వినగానే మన కార్యకర్తలకు పోలీసు స్టేషనూ, జైలూ గుర్తుకొస్తాయి. అమెరికాలో వికలాంగ భృతి కోసం కోర్టుకెక్కిన వాళ్ళకు ఆ మాట మరో అర్థంలో పరిచయం. అప్పీలు నెగ్గింది, కింది అధికారి ఇచ్చిన నిర్ణయంలో తప్పుందని పైవాళ్ళు ఒప్పుకున్నారు, అందువల్ల కేసు కొత్త విచారణ కోసం మళ్ళీ కిందికే వెళుతుంది. దాన్నే అక్కడ రిమాండ్ అంటారు. నెగ్గిన మనిషి చేతికి ఆ రోజు వచ్చేది ఒక కాగితం. భృతి రాదు. భృతితో పాటు రావలసిన వైద్యబీమా రాదు. కొత్త విచారణ ఎప్పుడో చెప్పే తేదీ కూడా చాలాసార్లు రాదు.

అమెరికా గొడవ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వికలాంగుల పింఛన్లను తిరిగి పరిశీలించినప్పుడు నోటీసులందుకున్న వాళ్ళు అప్పీళ్ళు పెట్టుకొని మళ్ళీ డాక్టర్ల ముందు నిలబడవలసి వచ్చింది. ఒకసారి రుజువు చేసుకున్న వైకల్యాన్ని రెండోసారి రుజువు చేసుకునే లోపల ఇల్లు ఎట్లా గడవాలన్న ప్రశ్న అప్పుడు మన ఊళ్ళలోకి కూడా వచ్చింది. ఈ ఎదురుచూపు అమెరికాలో చాలా కాలంగా ఉంది, దాని మీద చట్టాలూ తీర్పులూ ఉన్నాయి. అందుకే ఆ అనుభవాన్ని కాస్త వివరంగా చూడాలనుకుంటున్నాను.

నాలుగు మెట్లు, ఒకవైపే గడువు

అమెరికాలో వికలాంగులకు ప్రధానంగా రెండు పథకాలున్నాయి. ఉద్యోగం చేస్తూ పన్ను కట్టిన వాళ్ళకు 1956లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ వికలాంగ బీమా ఒకటి. పేదలకు 1972లో చట్టమై, 1974 నుంచి చెల్లింపులు మొదలైన ఎస్.ఎస్.ఐ. రెండోది. దరఖాస్తు తిరస్కరిస్తే మామూలుగా మొదట పునఃపరిశీలన కోరాలి. తర్వాత పరిపాలనా న్యాయాధికారి ముందు విచారణ. ఆపైన అప్పీళ్ళ మండలి. చివరకు ఫెడరల్ జిల్లా కోర్టు. ప్రతి మెట్టు దగ్గరా దరఖాస్తుదారుకు ఇచ్చే గడువు 60 రోజులు. ఉత్తరం చేరడానికి మరో 5 రోజులు కలుపుతారు. సరైన కారణం చూపకుండా ఆ గడువు దాటితే తలుపు మూసుకుపోతుంది.

మరి ప్రభుత్వానికి గడువు? వెర్మాంట్ రాష్ట్రంలోని వికలాంగులు ఇదే ప్రశ్న వేసి కింది కోర్టుల్లో నెగ్గారు. కానీ 1984లో హెక్లర్ వర్సెస్ డే కేసులో సుప్రీంకోర్టు ఆ గడువులను కొట్టేసింది. పార్లమెంటు కావాలనే గడువులు పెట్టలేదు కనుక కోర్టులు పెట్టరాదన్నది. జబ్బు మనిషికి 60 రోజులు, రాజ్యానికి ఎన్ని రోజులైనా!

కోర్టులో నెగ్గిన కేసుల్లో అత్యధికం రిమాండ్‌గానే ముగుస్తాయి. న్యాయమూర్తే నేరుగా భృతి మంజూరు చెయ్యడం చాలా అరుదు. కేసు కోర్టు నుంచి అప్పీళ్ళ మండలికి, అక్కడి నుంచి విచారణ కార్యాలయానికి దిగి వస్తుంది. మొదటి రిమాండ్ అయితే సాధారణంగా ఇంతకు ముందు తిరస్కరించిన అధికారి ముందుకే వస్తుంది. విచారణ మొత్తం కొత్తగా జరుగుతుంది కాబట్టి ఇదివరకు ఒప్పుకున్న విషయాన్ని కూడా తిరగదోడే వీలుంటుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 1993లో షలాలా వర్సెస్ షేఫర్ కేసులో సుప్రీంకోర్టు, ఇట్లా రిమాండ్ పొందిన వ్యక్తిని గెలిచిన పక్షంగానే లెక్కించాలని చెప్పింది. అందువల్ల ప్రభుత్వ వైఖరికి తగిన సమర్థన లేదని తేలితే లాయరు ఫీజును ప్రభుత్వమే భరించవలసి వస్తుంది. అది న్యాయమే. కానీ గెలిచిన పక్షానికి బియ్యం కొనుక్కునే డబ్బు మాత్రం ఇంకా రాలేదు.

ఈ కాలంలో ఆమె ఏం తిని బతకాలి? ఏదో ఒక పనిచేసి పరిమితికి మించి సంపాదిస్తే పనిచెయ్యగలదనడానికి అదే సాక్ష్యమవుతుంది. 2025లో చూపున్న వాళ్ళకు ఆ పరిమితి నెలకు 1,620 డాలర్లు. పని మానేస్తే అద్దె కట్టలేదు. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జి.ఏ.ఓ. 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2008 నుంచి 2019 వరకు ఆర్థిక సంవత్సరాల్లో అప్పీలు మీద తుది నిర్ణయం రాకముందే చనిపోయిన దరఖాస్తుదారులు 1,09,725 మంది. 2014 నుంచి 2019 వరకు ఎదురుచూస్తూ దివాలా తీసినవాళ్ళు సుమారు 48,000 మంది. వీళ్ళంతా రిమాండ్ కేసులు కాదు. కానీ రిమాండ్ అంటే ఈ క్యూలో రెండోసారి నిలబడటమే.

ఇంటిచాకిరీ సాక్ష్యమైనప్పుడు

ఎదురుచూపు అందరికీ ఒకటే అనిపిస్తుంది. స్త్రీలకు అది వేరేగా పనిచేస్తుంది. వికలాంగ బీమా కావాలంటే, 31 ఏళ్ళు దాటిన వాళ్ళకు సాధారణంగా అంతకు ముందరి పదేళ్ళలో కనీసం అయిదేళ్ళ ఉద్యోగం లెక్కలో ఉండాలి. పిల్లల కోసమో, మంచాన పడ్డ అత్తగారి కోసమో ఉద్యోగం మానేసిన స్త్రీకి దాదాపు అయిదేళ్ళలో బీమా చెల్లిపోతుంది. ఆ తర్వాత ఆమెకు ఎంత జబ్బు చేసినా చెల్లిపోయిన తేదీకి ముందే పని చెయ్యలేని స్థితి వచ్చిందని చూపించాలి. కేసు తిరస్కరణకు, అప్పీలుకు, రిమాండ్‌కు తిరిగేకొద్దీ ఆ తేదీ ఇంకా వెనక్కి పోతుంది. అప్పటి డాక్టరు ఊరు మారి ఉంటాడు. అప్పటి కాగితాలు ఆసుపత్రిలో ఉండకపోవచ్చు. ఆలస్యం ప్రభుత్వానిది, సాక్ష్యం నష్టపోయేది ఆమె.

పోనీ ఎస్.ఎస్.ఐ. అడుగుదామంటే భర్త సంపాదనను కూడా ఆమె ఖాతాలో లెక్కిస్తారు. ఒంటరి మనిషి దగ్గర 2,000 డాలర్లకు, దంపతుల దగ్గర 3,000 డాలర్లకు మించి ఆస్తి ఉండకూడదు. ఈ అంకెలు 1989 నుంచి మారలేదు. ఉద్యోగం మానేసింది కనుక బీమా లేదు, భర్తకు ఉద్యోగం ఉంది కనుక సహాయం లేదు. ఇంటికోసం చేసిన చాకిరీని ఏ ఖాతాలోనూ రాయరు. మన తెలుగమ్మాయిలకు కూడా ఇది తగులుతుంది. హెచ్-4 వీసా మీద భర్త వెంట వెళ్ళిన స్త్రీలకు 2015కు ముందు ఉద్యోగం చేసే అనుమతే లేదు. ఆ తర్వాత కూడా కొందరికే వచ్చింది. పనిచెయ్యనివ్వని సంవత్సరాలకు క్రెడిట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇంటిచాకిరీని లెక్కలోకి తీసుకునే చోటు ఒకటుంది. అది విచారణ గది. వంట చేస్తావా, బట్టలుతుకుతావా, పిల్లల్ని చూసుకుంటావా అని అడుగుతారు. చేస్తానంటే, అయితే ఉద్యోగమూ చెయ్యగలవని రాసిన నిర్ణయాలున్నాయి. 2005లో చికాగోలోని ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు ముందుకు నడుము జబ్బుతో బాధపడే ఒక తల్లి కేసు వచ్చింది. చిన్న పిల్లల్ని సాకుతోంది కాబట్టి పనిచెయ్యగలదన్న కింది అధికారి తర్కాన్ని న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్ తప్పుపట్టారు. పిల్లల్ని పరాయివాళ్ళకు అప్పగించడమా, శక్తికి మించి చెయ్యడమా అన్న పరిస్థితిలో ఆమె ఉన్నదని గుర్తించారు. స్త్రీవాదులు ఏళ్ళ తరబడి చెబుతున్న మాట అది. ఇంట్లో పని ఒళ్ళు బాగుంటే చేసేది కాదు, బాగున్నా బాగాలేకపోయినా తప్పనిది. ఇంతకూ ఆ తల్లికి కోర్టు ఇచ్చిన ఫలితం ఏమిటి? రిమాండే.

పైగా ఎదురుచూసేది దరఖాస్తు పెట్టిన మనిషి ఒక్కరే కాదు. ఆ మనిషిని లేపి కూర్చోబెట్టేవాళ్ళు, ఆసుపత్రులకు తిప్పేవాళ్ళు, ఇరుగుపొరుగు దగ్గర చేబదులు తెచ్చేవాళ్ళు కూడా ఎదురుచూస్తారు. ఆ పని ఎక్కువగా తల్లి, భార్య, కూతురు చేస్తారు. రాజ్యం చేసిన తప్పుకు అయ్యే ఖర్చును ఈ ఆడవాళ్ళు జీతం లేని పనితో భరిస్తున్నారు.

చట్టానికి దారి తెలుసు

నెగ్గితే బకాయి మొత్తం ఇస్తాం కదా అన్నది ప్రభుత్వాల జవాబు. ఆ బకాయి మీద వడ్డీ రాదు. పోయిన ఇల్లు కూడా తిరిగి రాదు. ఈ జవాబుకు బలమిచ్చిన తీర్పు 1976 నాటి మాథ్యూస్ వర్సెస్ ఎల్‌డ్రిడ్జ్. అంతకు ముందు 1970లో గోల్డ్‌బర్గ్ వర్సెస్ కెల్లీ కేసులో, పేదల సహాయం ఆపే ముందు విచారణ జరపాలని సుప్రీంకోర్టు చెప్పింది. వికలాంగ భృతికి మాత్రం అది అక్కర్లేదని 1976లో అన్నది. ఈ భృతి పేదరికం మీద ఆధారపడినది కాదు కనుక ఆగితే కలిగే కష్టం తక్కువే అన్నది వాదన. విభేదించిన న్యాయమూర్తి బ్రెన్నన్, ఎల్‌డ్రిడ్జ్ కుటుంబానికి జరిగింది రాశారు. అప్పు కింద ఇల్లు పోయింది, సామాన్లు పోయాయి, భార్యాభర్తలూ పిల్లలూ అందరూ ఒకే మంచం మీద పడుకోవలసి వచ్చింది. తక్కువ కష్టం అంటే అదన్నమాట!

తర్వాత రీగన్ ప్రభుత్వ కాలంలో, 1981 నుంచి 1984 వరకు, పునఃపరిశీలన పేరుతో దాదాపు 5 లక్షల మందికి భృతి ఆపారు. వాళ్ళలో సుమారు 2 లక్షల మందికి అప్పీళ్ళ తర్వాత తిరిగి ఇవ్వవలసి వచ్చింది. ఆందోళనలు పెరిగాక, ఆరోగ్యం మెరుగైందంటూ భృతి ఆపిన కేసుల్లో విచారణ తీర్పు దాకా చెల్లింపు కొనసాగించుకునే వీలు 1983లో తాత్కాలికంగా వచ్చింది, తర్వాత శాశ్వతమైంది. 1988లో మరొకటి వచ్చింది. న్యాయాధికారి భృతి ఇవ్వాలని తేల్చినా పైవాళ్ళు 110 రోజుల్లో తుది నిర్ణయం చెప్పకపోతే మధ్యంతర భృతి చెల్లించాలి. మోసంతో పొందినదైతే తప్ప ఆ డబ్బు తిరిగి అడగరాదు.

కాబట్టి దారి లేదన్న మాట చెల్లదు. మొదటిసారి దరఖాస్తులోనే తిరస్కరణకు గురై, కోర్టు దాకా వెళ్ళి నెగ్గిన మనిషికి మాత్రం ఆ దారి తెరవలేదు. పొరపాటు ప్రభుత్వానిదని కోర్టు చెప్పిన రోజు నుంచే గడియారం ప్రభుత్వం మీద తిరగాలి. నిర్ణీత రోజుల్లో కొత్త విచారణ జరగకపోతే మధ్యంతర భృతి మొదలు కావాలి. ఇది దయ కాదు, చేసిన తప్పుకు బాధ్యత.

మన దగ్గర

మనకు 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. సర్టిఫికెట్ నిర్ణయం మీద అప్పీలు చేసే హక్కు దాని 59వ సెక్షన్‌లో ఉంది. అప్పీలు హక్కు కాగితం మీద ఉండటం ఒక ఎత్తు, అప్పీలు కాలంలో బతకగలగటం మరో ఎత్తు. సంఘాలుగా మనం అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. తిరిగి పరీక్ష చేసి తుది నిర్ణయం ఇచ్చేదాకా పింఛను ఆగకూడదు. అప్పీలును అనుమతించే ఉత్తర్వులోనే పరీక్ష తేదీ ఉండాలి. మొదట శాతం తగ్గించిన డాక్టరు రెండోసారి పరీక్షించకూడదు. సదరం శిబిరానికి రావడానికి మనిషికీ, తోడు వచ్చే మనిషికీ ఖర్చులివ్వాలి. తోడు వచ్చే ఆ మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకొని వస్తుంది.

మనం ఊళ్ళలో కేసులు రాసుకునేటప్పుడు వైకల్యం శాతం రాస్తాం, పింఛను మొత్తం రాస్తాం. ఇకనుంచి మరో రెండు గడులు చేర్చుకుందాం. ఎన్ని రోజులు ఎదురుచూశారు? ఆ రోజుల్లో ఎవరు సాకారు? ఆ రెండు గడులు నిండితే, రేపు ఏ ప్రభుత్వం ముందైనా ఆలస్యం ఖరీదు ఎంతో, దాన్ని ఎవరు కట్టారో లెక్క చెప్పి నిలదీయగలం.