తెరకు తాళము

కంప్యూటరును తెరచియుంచి, "క్షణములో వత్తుము గదా" యని లేచిపోవుట పలువురకు వాడుక. తమకు దాచవలసిన దేమియు లేదని కొందరందురు. కాని, పాఠశాల కంప్యూటరు తెరపై నున్నది తమదేనా? బాలబాలికల మార్కులు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, రుసుము చెల్లింపలేని యింటివారి విన్నపములు అందుండును. అవి మనకు నమ్మి యప్పగించిన పరుల గుట్టు. ఒక బాలుని యింటి లేమి తోడివారి నోళ్లబడినచో దానిని మరల కప్పిపుచ్చజాలము. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని భారత సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పెను.

విండోస్ యంత్రమున విండోస్ మీటను, ఎల్ మీటను కలిపి నొక్కిన తెరకు తాళము పడును. చేయుచున్న పని చెడదు. తిరిగివచ్చిన పిమ్మట పాస్‌వర్డు చాలును. దానంతట నదియే మూతపడునట్లు గడువు పెట్టుట మంచిదే గాని, ఆ గడువులోపలనే చూడగోరువాడు చూచును. కావున లేవకమునుపే తాళము వేయుట యుపాధ్యాయులకును, విద్యార్థులకును విధియని మా యభిప్రాయము.