కానరాని వేడిగొట్టము

1955 మొదలు 1974 వఱకు జర్మనీలోని ఓస్నాబ్రుక్ నగరమున తయారైన కార్మన్ గియా కారును పునరుద్ధరించువారు రంగునకును ఆసనములకును విస్తారముగా ధనము వెచ్చింతురు. కార్బురేటరు క్రిందనుండు సన్నని వేడిగొట్టమును మాత్రము కొందఱు నిరుపయోగమని మూసివేయుదురు. ఇది పొరపాటని మా యభిప్రాయము.

మట్టికూజాలో నీరేల చల్లబడునో మన విద్యార్థు లెఱుగుదురు. ఆవిరియగు ద్రవము చుట్టునున్న వేడిని గ్రహించును. పెట్రోలును అట్టిదే. గాలిలో తేమ యున్నయెడల, గడ్డకట్టు చలి లేని దినమున సైతము కార్బురేటరులో మంచు పేరుకొనవచ్చును. ఈ కారులో ఒక్క కార్బురేటరునుండి ఇరుప్రక్కల సిలిండర్లకు పొడవైన గొట్టములు పోవును. అవి చల్లబడినచో పెట్రోలు లోగోడలపై బిందువులై నిలిచి, యింజను తడబడును. పాపము, యజమాని కార్బురేటరునే నిందించి మాటిమాటికి విప్పుచుండును!

వేడిగొట్టములో ప్రవహించు పొగవాయువులే ఆ చలిని పోగొట్టును. ఏండ్లు గడచినకొలది మసి గట్టిపడి దారి మూసికొనిపోవును. అపుడు గొట్టమును ఇంజనునుండి విడదీసి, పెట్రోలు లేనిచోట ఎఱ్ఱగా కాల్చి, ఉక్కుతీగతో గోకి, గాలి నూదవలెను. మురికిపని, చూచి మెచ్చువారుండరు. ఐనను అది చేయకయే కారు పూర్తియైనదనువారితో మేము ఏకీభవింపజాలము.